మధ్యలో గీత కనపడకూడదు!

ఫిబ్రవరి నెలలో గుంటూరు వెళ్ళేవాళ్ళ జేబులో రుమాలు వుండి తీరాలి. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగిందంటే చాలు, బస్సులో ముందు సీటు పెద్దాయన తుమ్ముతాడు, వెనక సీటు పిల్లాడు తుమ్ముతాడు, కండక్టరు ముక్కు తుడుచుకుంటూనే టిక్కెట్లు కొడతాడు. ఊరివాళ్ళకి మాత్రం చీమ కుట్టినట్టయినా వుండదు. వాసన పట్టి ఇది తేజ, ఇది 334 అని చెప్పగలిగేవాళ్ళు వున్నారని నా పక్కసీటాయన అన్నాడు. నేను నమ్మలేదు గాని, కాదనే ధైర్యం కూడా చెయ్యలేదు.

నేను వెళ్ళింది మిరపకాయల కోసం కాదు, బొమ్మల కోసం. గుంటూరు నుంచి చిలకలూరిపేట మీదుగా ఒంగోలు వైపు వెళ్ళి చూడండి. నల్లరేగడి భూములు, పత్తి చేలు, కల్లాల్లో ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు ఎండుతున్న మిరపకాయలు... ఇవన్నీ వుంటాయి. కాని వాటికంటే ముందు మనల్ని పలకరించేవి మొహాలు! ప్రతి సెంటర్లోనూ ఫ్లెక్సీ. పై వరసలో దేవుళ్ళు. కుడి పక్క నిలువెత్తు హీరో, నల్ల కళ్ళద్దాలు. ఎడమ పక్క నమస్కారం పెడుతున్న నాయకుడు. వెనకాల మంటలో, మెరుపులో, పరిగెత్తే గుర్రాలో. అడుగున రెండు వరసల్లో ఊరి కుర్రాళ్ళ మొహాలు, కింద పేర్లు.

ఆ హీరో ఆ ఊరు ఎన్నడూ రాలేదు. ఆ నాయకుడూ ఆ హీరో ఒక వేదిక మీద నిలబడలేదు. ఆ కుర్రాడు హీరోని తెర మీద తప్ప చూడలేదు. అయినా అందరూ ఒకే ఎండలో, ఒకే గాలికి జుట్టెగురుతూ, భుజం భుజం కలిపి నిలబడి వున్నారు. వీళ్ళందర్నీ ఒకచోట చేర్చింది ఎవరు? అతన్ని చూడాలనే నా ప్రయాణం.

అరండల్‌పేటలో వీధులకి పేర్లు వుండవు, నంబర్లే. ఆ లైన్లలో ఒకదాంట్లో, మెట్ల కింద గదిలో దొరికాడాయన. నలభై అయిదు దాటిన మనిషి. ఇప్పుడు చేతిలో వున్నది మౌసే గాని, అసలు చదువు కుంచెతో మొదలయింది. సినిమా బ్యానర్లు రాసే ఒక పెయింటరు దగ్గర రంగులు కలపటానికి చేరాడట. గుడ్డ మీద గళ్ళు గీసి, చిన్న ఫోటోని ఇరవై అడుగుల మొహంగా పెంచే విద్య అది. మదరాసులో ఈశ్వర్, గంగాధర్ లాంటి పబ్లిసిటీ ఆర్టిస్టులు డిజైను గీసి పంపితే, ఊళ్ళల్లో ఇలాంటి చేతులే దాన్ని బ్యానరుగా, కటౌటుగా చేసేవి. తరవాత ఫ్లెక్సీ మిషన్లు వచ్చాయి. కుంచె మూలన పడింది.

"మా గురువుగారు మానేశారు సార్. నేను మానలేదు. ఫోటోషాపు నేర్చుకున్నా. ఏముంది, అప్పుడు డబ్బాల్లో కలిపేవాణ్ణి, ఇప్పుడు లేయర్లలో కలుపుతున్నా" అన్నాడు.

లేయరంటే ఏమిటో తెలియని పాఠకులు కూడా వుంటారు కదా, అని అడిగాను. ఆయన చెప్పిన పోలిక నాకు చాలా నచ్చింది.

"తోలుబొమ్మలాట చూశారా?"

"చిన్నప్పుడు."

"తెర మీద రాముడి బొమ్మ ఒకటి, దాని మీద చెట్టు బొమ్మ ఒకటి ఆనిచ్చారనుకోండి. వెనక దీపం. రెండూ పల్చటి తోళ్ళే గనక రెండు రంగులూ కలిసి, కలిసినచోట ముదురుగా కనపడతాయి. కాని లోపల రాముడు రాముడే, చెట్టు చెట్టే. చెట్టుని పక్కకి లాగితే రాముడికేమీ కాదు. అదే లేయరంటే."

అంతే సంగతి! ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ, దాని మీద ఇంకోటి. దేన్నయినా జరపొచ్చు, పల్చన చెయ్యొచ్చు, మాయం చెయ్యొచ్చు. కింది బొమ్మ చెక్కు చెదరదు. రెండు తోళ్ళు ఒకదానిమీద ఒకటి ఆనించినట్టు ముదురుగా కలవాలంటే మల్టిప్లై. నీడలన్నీ దాంతోనే వేస్తారు. రెండు దీపాల వెలుగు ఒకే తెర మీద పడ్డట్టు కాంతిగా కలవాలంటే స్క్రీన్. హీరోగారి వెనక మంటలూ మెరుపులూ దాంతో. మిగిలింది మాస్క్. నలుపు పూసినచోట బొమ్మ దాక్కుంటుంది, తెలుపు పూసినచోట బయటికొస్తుంది. కుర్రాడి జుట్టు చివర్లు కత్తెరతో కోసినట్టు కాకుండా గాలిలో కలిసినట్టు వుండాలంటే ఆ నలుపు తెలుపుల మధ్య బూడిద రంగు పూస్తూ గంటలు కూచోవాలి.

ఫోటోషాపు పుట్టింది 1990 ఫిబ్రవరిలో. అమెరికాలో థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు చేశారు. వాళ్ళ నాన్నకి ఇంట్లోనే ఫోటోలు కడిగే చీకటిగది వుండేది. జాన్ నోల్ ఎవరనుకున్నారు? సినిమా మనిషి! 'స్టార్ వార్స్' చిత్రాలకి ట్రిక్కులు చేసిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ కంపెనీలో పనిచేసేవాడు. లేయర్లు మాత్రం మొదట్లో లేవు. 1994లో మూడో వెర్షనుతో వచ్చాయి. అంతకుముందు ఒకసారి అతికిస్తే అతికించినట్టే. తప్పయితే మళ్ళీ మొదట్నించి.

మొదట్నించి అంటే గుర్తొచ్చింది. మన సినిమా వాళ్ళు నలభై ఏళ్ళపాటు అలాగే చేశారు.

నల్ల అట్టముక్క మహిమ

ఈసారి టీవీలో పాత డబుల్ యాక్షన్ సినిమా వస్తే జాగ్రత్తగా చూడండి. ఇద్దరు హీరోలూ ఎదురెదురుగా వున్నప్పుడు మధ్యలో ఒక స్తంభమో, తలుపు వారో, పందిరి రాటో తరచు కనపడుతుంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని దాటరు. చెయ్యి కూడా చాచరు. ఎందుకో తెలుసా? ఆ స్తంభం దగ్గరే అతుకుంది!

దాన్ని మాస్క్ షాట్ అనేవారు. కెమేరాని కదలకుండా బిగిస్తారు. లెన్సు ముందు సగం నల్లని అట్టతో మూసేస్తారు. హీరో ఒక వేషంలో తెరిచి వున్న సగంలో నిలబడి, ఎదురుగా ఎవరూ లేకపోయినా వున్నట్టు చూస్తూ డైలాగు చెబుతాడు. ఫిలింలో సగమే వెలుగు చూసింది, మిగతా సగం పచ్చిగానే వుంది. ఇప్పుడు అదే ఫిలింని కెమేరాలోనే వెనక్కి తిప్పి, అట్టని అటు మార్చి, హీరో రెండో వేషం వేసుకుని వచ్చాక మళ్ళీ తీస్తారు. మధ్యలో ఎవరి కాలయినా కెమేరా స్టాండుకి తగిలిందా, సాయంత్రమై వెలుగు మారిందా, ఇద్దరి మధ్యా గీత వచ్చేస్తుంది. నెగిటివు కడిగితేగాని తెలియదు. తెలిశాక చేసేదేమీ లేదు, మళ్ళీ మేకప్పు.

ఇది మనవాళ్ళు కనిపెట్టింది కాదు. ఫ్రాన్సులో మెలియే అనే ఇంద్రజాలికుడు 1900లోనే ఒకే ఫిలింని మళ్ళీ మళ్ళీ తిప్పి తానొక్కడే ఏడుగురు వాద్యగాళ్ళుగా కనిపించాడు. కాని మనవాళ్ళ చేతిలో పడ్డాక దాని అందమే వేరు. 1951 'పాతాళభైరవి', 1957 'మాయాబజార్' రెంటికీ కెమేరా మార్కస్ బార్ట్‌లే. 'మాయాబజార్' వెన్నెల విహారం చూసి ఏ ఏటి ఒడ్డున తీశారో అనుకుంటాం. ఆ వెన్నెల స్టూడియోలో కాసింది! తరవాత 1961లో 'సీతారామ కళ్యాణం'తో రవికాంత్ నగాయిచ్ వచ్చాడు. ట్రిక్ ఫోటోగ్రఫీ అంటే ఆయన పేరే. 1966లో అక్కినేని 'నవరాత్రి'లో తొమ్మిది వేషాలు, 1977లో నందమూరి 'దానవీరశూరకర్ణ'లో కర్ణుడూ దుర్యోధనుడూ కృష్ణుడూ తానే. ఆ రోజుల్లో లేయర్లంటే అట్టముక్కలూ, ఓపికానూ.

గుంటూరు డిజైనరు ఇదంతా విని నవ్వి, "మాకు కంట్రోల్ జెడ్ వుంది సార్, వాళ్ళకి లేదు. అందుకే వాళ్ళు అంత జాగ్రత్తగా చేశారు. మా కుర్రాళ్ళు చూడండి..." అని తెర మీద ఒక ఫ్లెక్సీ తెరిచాడు. ఎవరో చేసి పంపింది, అచ్చు వెయ్యటానికి వచ్చింది. హీరోకి వెలుగు ఎడమ నుంచి పడుతోంది. పక్కన కుర్రాడికి కుడి నుంచి. మిరప చేలో మిట్టమధ్యాహ్నం తీసుకున్న సెల్ఫీ అది, కళ్ళ కింద నల్లగా నీడలు.

"ఒకే బోర్డులో ఇద్దరు సూర్యుళ్ళు!" అన్నాడు. "చూసేవాడికి ఎందుకో తెలీదు గాని, అబద్ధమని తెలిసిపోద్ది. మొహం కొయ్యటం కాదు సార్ పని. ఎండ కలపటం పని."

ఈ మాట నేను పుస్తకంలో రాసుకున్నాను.

ఇంకో మాట కూడా రాసుకున్నాను. అది అంత సరదా అయింది కాదు. అతుకు కనపడకుండా చేసే చెయ్యి ఏ పనయినా చేస్తుంది. "ఆడపిల్ల ఫోటో ఒకటి ఫోన్లో తెస్తారు. దీన్ని వీడి పక్కన పెట్టన్నా, సరదాకి, అంటారు. నాకూ కూతురుంది. లేచి షట్టరు దించేస్తా" అన్నాడు. అశ్లీలమైన బొమ్మ చేసి నెట్టులో పెడితే సమాచార సాంకేతిక చట్టం 67వ సెక్షను కింద జైలు. కాని చట్టం వచ్చేలోపు ఆ పిల్ల కాలేజీ మానేసి వుంటుంది. మన పాఠకుల్లో ఫోన్లోనే ఇలాంటి పనులు నేర్చిన తమ్ముళ్ళు చాలామంది వున్నారని నాకు తెలుసు. షట్టరు దించేసే ఆ మనిషిని గుర్తుపెట్టుకోండి.

అన్నట్టు, ఆయన వృత్తి మీద ఒకసారి పిడుగు పడబోయింది. 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామని ప్రకటించారు. గడువు నవంబరు అన్నారు, తరవాత 2023 జనవరి 26కి జరిపారు. మిషన్లకి అప్పు చేసినవాళ్ళు గగ్గోలు పెట్టారు. బోర్డులు మాత్రం ఈనాటికీ కళ్ళెదుట కనపడుతూనే వున్నాయి. నిజం చెప్పొద్దూ, నాకు ఆ ప్లాస్టిక్ మీద ప్రేమేమీ లేదు. మలుపులో ఎదురొచ్చే లారీ కనపడకుండా బోర్డు కట్టినవాణ్ణి తిట్టుకోని రోజు లేదు. కాని కుంచె పోయినప్పుడు ఒకసారి ఆకలి చూసిన మనిషి, రెండోసారి చూడాలంటే భయపడటంలో తప్పేముంది?

ఎటు చూసినా మూడు

చిలకలూరిపేట బస్సెక్కాను. యార్డుకి మిరప టిక్కీలు మోసుకొచ్చే లారీలు, ట్రాక్టర్లు ఎదురొస్తూనే వున్నాయి. కోల్డ్ స్టోరేజీలు దాటాక గాలి మారింది, ముక్కు తెరిపిన పడింది. రోడ్డు పక్క చేలల్లో ఆఖరి తీత కూడా అయిపోయిన పత్తి మోళ్ళు, అక్కడక్కడా తొడిమెలకి పట్టుకుని వేలాడే దూది.

శివరాత్రి దగ్గరపడుతోంది. ఈ సీమలో శివరాత్రి అంటే కోటప్పకొండ, కోటప్పకొండ అంటే ప్రభలు. చూడనివాళ్ళకి చెప్పాలంటే కష్టం. వెదుళ్ళతో, కలపతో ఎనభై తొంభై అడుగుల ఎత్తు లేపిన గోపురంలాంటి చట్రం, ఒళ్ళంతా కరెంటు బల్బులు, కింద చక్రాల బండి, దాని మీద స్టేజీ, వెనకాల జనరేటరు. పేట చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఒక్కో ఊరిదీ ఒక్కో ప్రభ, మా ఊరిది ఎత్తంటే మా ఊరిదని. పూర్వం ఎడ్లు లాగేవి, ఇప్పుడు ట్రాక్టర్లు. "చేదుకో కోటయ్యా" అని జనం అరుస్తుంటే ఆ వెలుగు కొండలు చీకట్లో ఊగుతూ వస్తాయి. తెర మీద ఎంతమంది హీరోల ఎంట్రీ చూశానో లెక్కలేదు. ఒక విద్యుత్ ప్రభ ఎంట్రీ ముందు అన్నీ బలాదూరే!

నేను వెళ్ళినరోజున ఒక ఊళ్ళో ప్రభ కడుతున్నారు. బల్బుల సీరియల్ సెట్లు నేల మీద పరిచి ఒక్కొక్కటీ వెలిగించి చూసుకుంటున్నారు. ఆ పక్కనే చెట్టు కింద కుర్రాళ్ళ పంచాయితీ నడుస్తోంది. విషయం ప్రభకి కట్టే ఫ్లెక్సీ.

"శివుడు పైన, హీరో కింద."

"కింద అంటే ఎంత కింద? నడుం దగ్గరా, కాళ్ళ దగ్గరా?"

"మా అన్న మొహం నీ మొహం కంటే చిన్నగుంది. చందా ఇద్దరం సమానంగా ఇచ్చాంగా!"

డిజైను ఫోన్లో పేట నుంచి వచ్చింది. దాన్ని పట్టుకుని గంటసేపు వాదన. ఎవరి బొమ్మ ఎవరి బొమ్మ పైన? ఎవరి భుజం ఎవరి భుజాన్ని కప్పింది? ఫోటోషాపులో ఒక లేయరుని పట్టి పైకి లాగితే అరక్షణం పని. ఊళ్ళో అది అరక్షణంలో తేలదు. డబ్బున్న ఇంటివాడి మొహం పైకి పోతుంది. కూలికి పోయే ఇంటి కుర్రాడు ప్రభ కట్టేటప్పుడు అందరికంటే పైకెక్కి వెదుళ్ళు బిగిస్తాడు, ఫ్లెక్సీలో ఆఖరి వరసలో చివర వుంటాడు, వుంటే. నేను చూస్తుండగానే అలాంటివాడొకడు ముప్ఫై అడుగుల పైన కాళ్ళు మెలేసి కూచుని, "అరేయ్, నా ఫోటో పంపించా, పెట్టారా లేదా?" అని కేకేశాడు. కిందివాళ్ళు వినపడనట్టు వున్నారు. ఇంకోసారి కేకేశాడు. పెద్దవాడొకాయన వాదన ఆపి, "పెట్టండ్రా వాడిది, బల్బుల పక్కన పెట్టండి. వాడు దిగొచ్చేస్తే ప్రభ ఎవడు కడతాడు!" అన్నాడు. ఒక లేయరు పెరిగింది.

కోటప్పకొండని ఎటునుంచి చూసినా మూడు శిఖరాలు కనపడతాయని ప్రతీతి. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలు. అందుకే త్రికూటేశ్వరుడు. నేను పేట వైపు నుంచి చూశాను. మూడూ ఒకదాని వెనక ఒకటి, వెనకది కాస్త పల్చగా, నీలంగా. దూరం పోయేకొద్దీ రంగు పల్చబడటం ఫ్లెక్సీ కుర్రాళ్ళు మరిచిపోయే మొదటి పాఠమని గుంటూరు డిజైనరు చెప్పినమాట అప్పుడు అర్థమయింది.

రామానాయుడుగారి ఊరు

పేట నుంచి పర్చూరు మీదుగా చీరాల పోయే రోడ్డులో కారంచేడు. 1985 జులై దళితుల హత్యాకాండతో దేశానికంతా తెలిసిన పేరు, ఆ సంగతి దాటేసి సినిమా కబుర్లు చెప్పుకోవటం న్యాయం కాదు. సినిమా వాళ్ళకి మాత్రం అది డి. రామానాయుడు పుట్టిన ఊరు. వ్యవసాయదారుల బిడ్డ, మదరాసు వెళ్ళి, 1964లో సురేష్ ప్రొడక్షన్స్ పేరున తీసిన మొదటి సినిమా 'రాముడు భీముడు'. కవల పిల్లలు, ఒకడు పిరికి, ఒకడు మొండి, ఇద్దరూ ఎన్.టి. రామారావే. తాపీ చాణక్య డైరెక్షన్. కొత్త సంస్థ మొదటి సినిమాకే డబుల్ యాక్షన్ పెట్టుకోవటం అంటే మాస్క్ షాట్లతో పందెం కాయటమే. ఒక్క అతుకు సరిగా పడకపోతే హాల్లో ఈల వేసేవాడు ఎగతాళి చేస్తాడు. అది పడింది. తరవాత తమిళంలో ఎం.జి.ఆర్.తో 1965లో, హిందీలో దిలీప్ కుమార్‌తో 1967లో అదే కథ, అదే చాణక్య డైరెక్షన్‌లో.

ఇప్పుడు 'జై లవకుశ'లో (2017) ముగ్గురు తారక్‌లు ఒకే గదిలో కొట్టుకున్నా, కౌగిలించుకున్నా మనం కన్నార్పం. మధ్యలో స్తంభం అక్కరలేదు. ఆశ్చర్యం పోయింది. కాని ఆశ్చర్యం పూర్తిగా పోలేదని కారంచేడు దాటాక తెలిసింది.

ఇంకొల్లులో

ఇంకొల్లులో టీ తాగుదామని దిగాను. పక్కనే చిన్న స్టూడియో. పెళ్ళి ఆల్బమ్‌లు, పాస్‌పోర్టు ఫోటోలు, లామినేషను. లోపల ఒక పెద్దావిడ, ఆమె కొడుకు. ఆమెకి అరవై దాటివుంటాయి, అతనికి నలభై లోపు. కొత్త ఇల్లు కట్టుకున్నారు, గృహప్రవేశం. ముందు గదిలో గోడకి అమ్మానాన్నల ఫోటో పెద్దది పెట్టాలని కొడుకు పట్టుదల. చిక్కేమిటంటే, ఇద్దరూ కలిసి వున్న ఫోటో ఇంట్లో ఒక్కటి కూడా లేదు. పెళ్ళి ఫోటోలు పాత ఇల్లు అమ్మినప్పుడు పెట్టెతో సహా పోయాయి.

నాన్న ఫోటో వున్నది ఒకటే. బ్యాంకు అప్పు కాగితం మీద అంటించిన నలుపు తెలుపు బొమ్మ, బొటనవేలంత. చెంప మీదుగా ఊదారంగు ముద్ర.

ఆయన పోయింది తెల్లదోమ ఏడు. ఈ జిల్లాల్లో పత్తి రైతుని కదిపితే ఆ మాట చాలు, సంవత్సరం చెప్పనక్కరలేదు. 1987లో గుంటూరు, ప్రకాశం పత్తి చేలని తెల్లదోమ కమ్మేసింది. కొట్టినకొద్దీ మందు పనిచెయ్యలేదు. కొట్టినకొద్దీ అప్పు పెరిగింది. చేలో కొట్టాల్సిన మందు తామే తాగినవాళ్ళున్నారు. ఈయన సంగతి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. కొడుకప్పుడు చంటిపిల్లాడు.

స్టూడియో కుర్రాడు అప్పటికే చాలా పని చేసివున్నాడు. ముద్ర సిరాని పిక్సెలు పిక్సెలుగా తుడిచాడు. రంగులు వేశాడు. ఎవరిదో తెల్లచొక్కా ఒంటికి ఈ మెడ అతికించాడు. పక్కన ఆమెని కిందటివారం తీసిన ఫోటో. రెండు లేయర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే... ఆయనకి ముప్ఫై నిండలేదు. ఆమెకి జుట్టంతా నెరిసింది. చూసినవాళ్ళు తల్లీ కొడుకులనుకుంటారు!

"పెద్దమ్మా, రెండు దారులున్నయ్. ఆయనకి వయసు పెంచొచ్చు. ఇప్పుడు కంప్యూటరే చేసుద్ది. లేదా మీకు తగ్గించొచ్చు, మీ అమ్మాయి ఫోటో చూసి."

కొడుకు రెండోది బావుంటుందన్నాడు. స్టూడియో కుర్రాడు చేసి చూపించాడు. నిజంగానే ఎవరో చక్కటి పాతికేళ్ళ పిల్ల నిలబడింది. ఆమె చాలాసేపు చూసింది.

"ఎవరిదిరా ఈ పిల్ల?"

"నువ్వేనమ్మా."

"నేనెందుకయితా. చేలో ఎండకి మాడి నేను ఇట్టా అయితిని. అదంతా తుడిచేస్తే ఇంక నేనేడున్నా? నన్ను నన్నుగా వుంచు నాయనా."

"మరి ఆయన్ని పెద్దాయన్ని చెయ్యమంటారా?"

"ఆయన ముసలితనం నేను చూళ్ళేదు. నువ్వెట్టా చూశావు?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. బయట ట్రాక్టరు ఒకటి పాటలు పెట్టుకుని పోయింది. చివరికి కుర్రాడు ఒక ఉపాయం చేశాడు. వున్నవాళ్ళని వున్నట్టే వుంచి, వయసు తేడా కొట్టొచ్చినట్టు కనపడకుండా ఇద్దరి మధ్యా ఒక స్తంభం పెట్టాడు. పెళ్ళి ఆల్బమ్‌ల్లో వాడే నగిషీల రాతి స్తంభం, పూలతీగె చుట్టి. నాకు నవ్వొచ్చింది గాని బయటపడలేదు. అరవై ఏళ్ళ కిందట మదరాసు స్టూడియోల్లో కెమేరామేన్లు చేసిందే ఈ కుర్రాడు ఎవరూ చెప్పకుండా చేశాడు.

ఆమె కళ్ళద్దాలు సర్దుకుని తెర దగ్గరికి వంగింది.

"ఆ రాయి ఎందుకు మధ్యలో? తియ్యి."

తీశాడు. తీశాక మళ్ళీ పని మొదలయింది. ఇద్దరి మీదా ఎండ ఒకవైపు నుంచి పడాలి. ఆయన ఫోటో ఎదుటి వెలుగులో తీసింది, మొహం చదునుగా వుంది. ఆమెకి కిటికీ పక్క నుంచి వెలుగు. ఆయన చెంపకి ఒకవైపు కొత్త లేయరులో పల్చగా నీడ పూసి, మల్టిప్లైలో పెట్టాడు. అప్పుడు ముక్కు లేచింది. చొక్కా తెలుపు మరీ ఎక్కువయిందని తగ్గించాడు. ఆఖర్న ఆమె భుజం నీడ ఆయన చేతి మీద పడేటట్టు చిన్న గీతలా వేసి, అంచు కరిగించాడు. ఆ ఒక్క నీడతో ఇద్దరూ ఒకచోట నిలబడ్డారు! అంతదాకా రెండు కాగితాలు, అప్పట్నించి ఒక ఫోటో. వయసు తేడా అలాగే వుంది. దాచలేదు.

కొడుకు కళ్ళు తుడుచుకుని, "దేవుడి బొమ్మ ఒకటి పైన పెడదామా అన్నా?" అన్నాడు. వద్దంది తల్లి.

"పెద్దమ్మా, ఫ్లాటెన్ చేసి ప్రింటుకి పంపించనా?"

"అంటే?"

"లేయర్లన్నీ ఒకటయిపోతాయి. ఇంక విడదియ్యటానికుండదు."

"చెయ్యి" అంది.

కుర్రాడు నాకేసి చూసి, విడిగా వున్నది కూడా ఒక కాపీ దాస్తానని సైగ చేశాడు. కరెక్షన్లు ఎప్పుడు అడుగుతారో తెలీదు కదా! ఇరవై బై ఇరవైనాలుగు, మ్యాట్ ఫినిషింగు, టేకు ఫ్రేము. ప్రింటు ఒంగోలు ల్యాబు నుంచి రావాలి, గురువారానికి ఇస్తానన్నాడు. బుధవారం రాత్రికి కావాలని కొడుకు, కుదరదని అతను. వాళ్ళ బేరం తెగకముందే ఒంగోలు బస్సొచ్చింది.